కిక్కిరిసిన మెట్రోకు నష్టాలెందుకు? హైదరాబాద్ రవాణా లెక్క విప్పి చూస్తే

సాయంత్రం ఆరున్నరకి అమీర్‌పేటలో రాయదుర్గం వైపు నుంచి వచ్చే రైలు తలుపు తెరుచుకుంటే లోపల కాలు పెట్టే చోటుండదు. టికెట్ ధర పెరిగిందని ప్రయాణికుల గొడవ. అయినా ఆ మెట్రో నడిపే కంపెనీ ఏటా నష్టాలు చూపించింది. చివరికి 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం, మెట్రోను కట్టి నడుపుతున్న ఎల్ అండ్ టీ సంస్థ ఒక అవగాహనకు వచ్చాయి. దాని ప్రకారం మొదటి దశ మెట్రోను ప్రభుత్వమే తీసుకుంటుంది. కంపెనీ మీదున్న సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పును తలకెత్తుకుని, వాటా కింద మరో 2,000 కోట్ల దాకా చెల్లిస్తుంది.

అప్పటి నుంచి ఒకవైపు “నష్టాల కంపెనీని జనం డబ్బుతో కొనడమేంటి?” అని అడుగుతున్నారు. ఇంకోవైపు “ఊరి రవాణా ఊరి చేతికి రావడమే న్యాయం” అంటున్నారు. రెండు మాటల్లోనూ నిజముంది. కానీ అంతకంటే ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇంత జనం ఎక్కే బండికి డబ్బు ఎందుకు చాలడం లేదు? ఇది తెలిస్తేనే రెండో దశ నిధుల గొడవ, ఛార్జీల గొడవ, బస్సుల కొరత ఒక దారంలోకి వస్తాయి.

కట్టే ఖర్చు వేరు, నడిపే ఖర్చు వేరు

మెట్రోకు రెండు ఖాతాలుంటాయి. స్తంభాలు, వాటి మీద పట్టాల వంతెన (వయాడక్టు), స్టేషన్లు, సిగ్నళ్లు, రైళ్లు, భూమి, ఇవన్నీ కట్టే ఖర్చు. దీన్నే మూలధన వ్యయం అంటారు. కరెంటు, సిబ్బంది జీతాలు, భద్రత, శుభ్రత, చక్రాలు, పట్టాల మరమ్మతు, ఇవి నడిపే ఖర్చు, అంటే నిర్వహణ వ్యయం. టికెట్ డబ్బు మామూలుగా రెండో ఖాతాకు సరిపోతుంది, ఒక్కోసారి కొంచెం మిగులుతుంది కూడా. మొదటి ఖాతాకు మాత్రం చాలదు. ప్రపంచంలో చాలా నగరాల్లో పరిస్థితి ఇదే.

ఎందుకో లెక్క వేద్దాం. 13,000 కోట్ల అప్పు మీద 8 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 1,040 కోట్లు. రోజుకు 4.5 లక్షల ప్రయాణాలు అనుకుంటే ఏడాదికి సుమారు 16.4 కోట్ల ప్రయాణాలు. భాగిస్తే ఒక్కో ప్రయాణం మీద పడే వడ్డీ 63 రూపాయలు. ఒక్కొక్కరి దగ్గర సగటున 40 రూపాయల టికెట్ వసూలవుతుందనుకున్నా, ఆ నలభైలో కరెంటుకూ జీతాలకూ పోను మిగిలే పది, పదిహేనుతో 63 తీర్చాలి. వడ్డీ శాతం, సగటు టికెట్ ఇక్కడ ఉదాహరణ కోసం అనుకున్నవే. అంకెలు కాస్త అటూ ఇటూ జరిపినా చిత్రం మాత్రం మారదు.

ఇదే లెక్కలో ప్రయాణికులను రెట్టింపు చేసి రోజుకు 9 లక్షలు చేస్తే తలకు వడ్డీ 32 రూపాయలకు దిగుతుంది. ప్రయాణికులను అలాగే ఉంచి వడ్డీని 2 శాతానికి దించితే 16 రూపాయలే. జనం రెట్టింపు కావడం కంటే అప్పు చవకగా దొరకడం వల్ల కలిగే ఊరట ఒకటిన్నర రెట్లు. మెట్రో ఎవరు కడుతున్నారన్న దానికన్నా ఏ అప్పుతో కడుతున్నారన్నది అందుకే అంత ముఖ్యం.

ప్రభుత్వానికి ఎదురు డబ్బిస్తామన్న టెండరు

2008లో హైదరాబాద్ మెట్రోకు మొదటి టెండరు పిలిచినప్పుడు మేటాస్ నాయకత్వంలోని కంపెనీల కూటమి వింత ధర కోట్ చేసింది. సాధారణంగా ఇలాంటి ప్రాజెక్టులో కంపెనీ ప్రభుత్వం నుంచి కొంత సాయం అడుగుతుంది. వయబిలిటీ గ్యాప్ ఫండింగ్, పొట్టిగా వీజీఎఫ్ అంటే ఇదే. గిట్టుబాటుకు ఎంత తగ్గుతుందో అంత ప్రభుత్వం గ్రాంటుగా పూడుస్తుంది. మేటాస్ మాత్రం గ్రాంటు వద్దనడమే కాక, తామే ప్రభుత్వానికి 30,311 కోట్లు ఇస్తామంది. ప్రాజెక్టు అంచనా 12,000 కోట్ల చిల్లర ఉన్న రోజుల్లో మాట ఇది.

అప్పటి ఢిల్లీ మెట్రో అధిపతి ఈ. శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాసి ఇది రైలు లెక్క కాదు, భూమి లెక్క అన్న అర్థంలో హెచ్చరించారు. రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీద విరుచుకుపడింది. 2009 జనవరిలో, మేటాస్ వెనకున్న కుటుంబానిదే అయిన సత్యం కంపెనీ కుంభకోణం బయటపడింది. మేటాస్ నిధులు సమకూర్చుకోలేకపోయింది. ఒప్పందం రద్దయింది.

2010లో రెండో టెండరులో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల వీజీఎఫ్ అడిగి పని దక్కించుకుంది. 71.16 కిలోమీటర్లు, 12,132 కోట్లు, 35 ఏళ్ల హక్కు, షరతులతో మరో 25 ఏళ్లు. గ్రాంటు పోను మిగిలిందంతా కంపెనీ సొంత పెట్టుబడి, బ్యాంకు అప్పు. ఈసారి కూడా అసలు ఆశ భూమి మీదే. రాబడిలో సగం టికెట్ల నుంచి, 45 శాతం స్థిరాస్తి నుంచి, మిగతా 5 శాతం ప్రకటనలు, పార్కింగ్ లాంటి వాటి నుంచి వస్తుందని అంచనా. అందుకోసం డిపోలు, పార్కింగ్ స్థలాల్లో 269 ఎకరాల మీద 1.85 కోట్ల చదరపు అడుగుల నిర్మాణానికి హక్కులిచ్చారు.

ఇందులో ఏది బెడిసికొట్టిందంటే ఒక్కటి కాదు. 2012 జులై నుంచి ఐదేళ్లలో పూర్తి కావాల్సింది. రోడ్ల మధ్య స్థలం అప్పగించడం ఆలస్యమైంది. రాష్ట్ర విభజన తర్వాత లైను వెళ్లే దారి (అలైన్‌మెంట్) మార్చాలన్న చర్చ కొన్నాళ్లు సాగింది. మియాపూర్–నాగోల్ 30 కిలోమీటర్లు 2017 నవంబరులో మొదలైతే, జూబ్లీ బస్టాండు (జేబీఎస్)–మహాత్మా గాంధీ బస్టాండు (ఎంజీబీఎస్) లైను తెరుచుకునేసరికి 2020 ఫిబ్రవరి వచ్చింది. పాతబస్తీ ముక్క పక్కన పెట్టాక చేతిలో ఉన్నది 69.2 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. ఇలాంటి పనుల్లో ఆలస్యం అంటే క్యాలెండరు పేజీలే కాదు. 10,000 కోట్ల అప్పు 10 శాతం వడ్డీకి తెచ్చి పెట్టిన చోట ఒక్క ఏడాది జాప్యం అంటే 1,000 కోట్లు. టికెట్ ఒక్కటైనా తెగకముందే అది అసలులో కలిసిపోతుంది.

చివరి కారిడార్ తెరిచి నెలన్నర కాకముందే కరోనా లాక్‌డౌన్. మార్చి 22 నుంచి సెప్టెంబరు 7 దాకా రైలు కదల్లేదు, వడ్డీ మాత్రం ఆగలేదు. మాల్స్ పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో వచ్చాయి. కానీ అంచనా వేసిన మొత్తం విస్తీర్ణంలో అవి కొద్ది భాగమే. రోజుకు 15 లక్షలకు పైగా ఎక్కుతారన్న అంచనా ఉన్నచోట ఎక్కింది నాలుగున్నర, ఐదు లక్షల మంది.

ఈ అనుభవం హైదరాబాద్‌కే పరిమితం కాదు. ఢిల్లీ విమానాశ్రయ మెట్రోను ప్రైవేటు సంస్థ 2011లో మొదలుపెట్టి 2013లో వదిలేస్తే ఢిల్లీ మెట్రో కార్పొరేషన్ నడపాల్సి వచ్చింది. ప్రైవేటు భాగస్వామ్యాన్ని సమర్థించేవారి వాదన కూడా వినాలి. ప్రభుత్వం దగ్గర నిధుల్లేని కాలంలో 69 కిలోమీటర్లు లేచాయంటే ప్రైవేటు పెట్టుబడి వల్లే, ఆ నష్టం ఇన్నాళ్లూ వాటాదారులు మోశారు, పన్ను కట్టేవాళ్లు కాదు అంటారు. నిజమే. అయితే నగరానికి తప్పనిసరైన సర్వీసు కాబట్టి కంపెనీ చేతులెత్తేస్తే ప్రభుత్వం తీసుకోక తప్పదు. నష్టభయం ఒప్పంద పత్రంలో ఎవరి పేరున రాసి ఉన్నా చివరికి చేరేది ఖజానాకే.

రెండో దశ: 24,269 కోట్లలో ఎవరిదెంత

2024లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించి కేంద్రానికి పంపిన రెండో దశ మొదటి భాగంలో ఐదు కారిడార్లున్నాయి. నాగోల్–శంషాబాద్ విమానాశ్రయం 36.8 కిలోమీటర్లు, రాయదుర్గం–కోకాపేట నియోపొలిస్ 11.6, ఎంజీబీఎస్–చాంద్రాయణగుట్ట 7.5, మియాపూర్–పటాన్‌చెరు 13.4, ఎల్బీనగర్–హయత్‌నగర్ 7.1. మొత్తం 76.4 కిలోమీటర్లు. కిలోమీటరుకు సగటున 318 కోట్లు. తర్వాత జేబీఎస్ నుంచి మేడ్చల్, శామీర్‌పేట, విమానాశ్రయం నుంచి ఫ్యూచర్ సిటీ వైపు 86.1 కిలోమీటర్ల రెండో భాగాన్ని 19,579 కోట్ల అంచనాతో జోడించారు.

మొదటి భాగం డబ్బు ఇలా పంచారు. రాష్ట్రం 7,313 కోట్లు, అంటే 30 శాతం. కేంద్రం 4,230 కోట్లు, 18 శాతం. జపాన్ సంస్థ జైకా, ఆసియా అభివృద్ధి బ్యాంకు లాంటి సంస్థల అప్పు 11,693 కోట్లు, 48 శాతం. ప్రైవేటు భాగస్వామ్యం 1,033 కోట్లు, 4 శాతం. మొదటి దశతో పోలిస్తే ఇది బొత్తిగా తిరగేసిన పద్ధతి. అక్కడ ప్రైవేటు వాటా కొండంత, ఇక్కడ గోరంత.

కేంద్రం, రాష్ట్రం సమాన భాగస్వాములన్నప్పుడు రాష్ట్రానికి 30, కేంద్రానికి 18 ఎందుకన్న అనుమానం చాలామందికి వస్తుంది. ఇద్దరూ కలిసి పెట్టే మెట్రో కంపెనీ వాటాలో సమానమే. కానీ భూసేకరణ, పునరావాసం లాంటివి రాష్ట్రమే భరించడం ఆనవాయితీ. అందుకే రాష్ట్రం పద్దు బరువెక్కుతుంది. 2017 మెట్రో విధానం ప్రకారం కేంద్రం సాయం మూడు దారుల్లో వస్తుంది: ప్రైవేటు ప్రాజెక్టుకు వీజీఎఫ్, ఖర్చులో 10 శాతం ఏకమొత్తం గ్రాంటు, లేదా రాష్ట్రంతో సగం సగం వాటా. మూడింట్లో ఏ దారిలోనైనా కొంత పని ప్రైవేటుకు ఇవ్వాలి, మెట్రో కాక వేరే మార్గాలు పరిశీలించామని చూపించాలి. విశాఖ 46.23 కిలోమీటర్లు, విజయవాడ 38.4 కిలోమీటర్ల మెట్రోలకు ఆంధ్రప్రదేశ్ పూర్తి నిధులు కేంద్రమే ఇవ్వాలని కోరడానికి విభజన చట్టంలోని హామీ ఆధారం. విధానం మాత్రం అంతవరకు వెళ్లదు.

విదేశీ అప్పు చవకన్న మాటను కొంచెం విడమరచాలి. జపాన్ సంస్థ జైకా ఇచ్చే అప్పుకు సాధారణంగా 30, 40 ఏళ్ల గడువుంటుంది. మొదటి పదేళ్ల దాకా అసలు కట్టనక్కర్లేని సందర్భాలున్నాయి. ఢిల్లీ మెట్రో మొదటి దశలో సుమారు 60 శాతం ఇలాంటి డబ్బే. అయితే అప్పు తీర్చాల్సింది విదేశీ కరెన్సీలో. వడ్డీ 2 శాతమే ఉన్నా ఆ కరెన్సీ మీద రూపాయి విలువ ఏటా 3 శాతం పడిపోతుంటే మనకు పడే అసలు భారం 5 శాతం దగ్గరకొస్తుంది. అయినా దేశీయ బ్యాంకు అప్పు కంటే నయమే, పైగా వాయిదాలు పొడుగ్గా పరుచుకుంటాయి. ఇలాంటి అప్పుకు కేంద్రం హామీ ఉండాలి. అందుకే ఢిల్లీ ఆమోదం లేకుండా రాష్ట్రం ఒంటరిగా ముందుకు కదలడం కష్టం.

ఆ ఆమోదం దగ్గరే మొదటి దశ అడ్డొచ్చింది. మియాపూర్‌లో పాత లైను ఒకరిది, అక్కణ్నుంచి పటాన్‌చెరు దాకా కొత్త లైను ఇంకొకరిది అయితే రైలు ఎవరిది, టికెట్ డబ్బు ఎలా పంచుకోవాలి, సిగ్నల్ చెడితే బాధ్యత ఎవరిది? కేంద్రం దీని మీద స్పష్టమైన ఒప్పందం కావాలంది. రెండో దశలో భాగస్వామి కావడానికి కంపెనీ ఇష్టపడలేదు, మొదటి దశనే అమ్ముతానంది. 2025 సెప్టెంబరు అవగాహన పుట్టింది ఈ చిక్కులోంచే.

టికెట్ పెంచితే డబ్బు పెరుగుతుందా

2025 మేలో కనీస ఛార్జీ 10 నుంచి 12కి, గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 75కి పెరిగింది. విమర్శలొచ్చాక వారం తిరక్కుండానే కొంత తగ్గింపు ఇచ్చి 11, 69 దగ్గర నిలిపారు. కేంద్ర మెట్రో చట్టం కింద ఛార్జీలను సిఫారసు చేసేది ఛార్జీల నిర్ధారణ కమిటీ. ఎన్నికల ఒత్తిళ్లకు ఛార్జీలు దూరంగా ఉండాలన్నది ఆ కమిటీ ఏర్పాటు వెనకున్న ఉద్దేశం.

రోజుకు 4.5 లక్షల మంది, సగటు 40 రూపాయలు అంటే 1.8 కోట్ల వసూలు. టికెట్‌ను 44 చేశాక 3 శాతం మంది మానేశారనుకోండి, వసూలు 1.92 కోట్లు, 12 లక్షలు లాభం. 10 శాతం మంది మానేస్తే 1.78 కోట్లు, అంటే పెంచిన తర్వాత పెంచక ముందుకంటే తక్కువ. మానేసేవాళ్లు ఎంతమందన్నది వాళ్లకు వేరే దారి ఎంత చవగ్గా దొరుకుతుందన్న దాన్ని బట్టే ఉంటుంది.

హైదరాబాద్‌లో ఆ వేరే దారి బైకు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో 29 కిలోమీటర్లు, 69 రూపాయలు. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే బైకు మీద, పెట్రోలు 107 రూపాయలు వేసుకుంటే, అదే దూరానికి అయ్యేదీ 69 రూపాయలే. వెనక ఇంకొకరు కూర్చుంటే తలకు 35 కూడా పడదు. మెట్రోకు ఇంటి దగ్గర నుంచి స్టేషన్ దాకా, స్టేషన్ నుంచి ఆఫీసు దాకా షేరాటో ఖర్చు అదనం. బైకు అరుగుదల, బీమా, ప్రమాద భయం ఈ లెక్కలో లేవు నిజమే, కానీ పొద్దున్న బయల్దేరేటప్పుడు మనిషి మనసులో ఆడేది పెట్రోలు లెక్కే. మెట్రో టికెట్‌కు పైకప్పు వేసేది కమిటీ కాదు, ఈ బైకు.

లైను వస్తే లాభపడేది ఎవరు, కట్టేది ఎవరు

టికెట్ కొనేవాడే మెట్రో వల్ల లాభపడేవాడని అనుకుంటాం. స్టేషన్‌కు నడక దూరంలో స్థలమున్నవాడు ఏమీ చేయకుండానే అంతకంటే ఎక్కువ లాభపడతాడు. ఆ పెరిగిన విలువలో కొంత రవాణాకు రాబట్టడాన్ని భూవిలువ రాబడి అంటున్నారు. ఈ చర్చంతటిలో పెద్దగా తవ్వని గని ఇదేనని చెప్పాలి.

కోకాపేట నియోపొలిస్‌లో 2023 ఆగస్టులో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ 45.33 ఎకరాలు వేలం వేస్తే 3,319.60 కోట్లొచ్చాయి. ఒక ప్లాటు ఎకరం 100 కోట్లు దాటింది. అక్కడికి వెళ్లాల్సిన రాయదుర్గం–కోకాపేట కారిడార్ 11.6 కిలోమీటర్లు. రెండో దశ సగటు ఖర్చు లెక్కన దానికి సుమారు 3,690 కోట్లు. నలభై అయిదు ఎకరాల వేలం సొమ్ముతో దాదాపు ఆ లైను మొత్తం లేస్తుంది! ఇందులో రెండు మెలికలున్నాయి. మెట్రో రాకముందే ఆ ధర పలికింది కాబట్టి ఆ విలువంతా మెట్రో పుణ్యం కాదు. రెండోది, భూమి అమ్మేస్తే ఒక్కసారే డబ్బు, వడ్డీ మాత్రం ముప్పై ఏళ్లు. హాంకాంగ్‌లో మెట్రో సంస్థ స్టేషన్ల మీద భవనాలు కట్టి, అద్దెల మీద కూడా ఏటేటా సంపాదించుకునేది అందుకే.

అమ్మకుండా రాబట్టే దారులూ ఉన్నాయి. ముంబయి, పుణె, నాగ్‌పుర్‌లలో ఆస్తి రిజిస్ట్రేషన్ మీద 1 శాతం మెట్రో సెస్సు ఉంది. అలాంటిదే ఇక్కడ పెట్టారనుకుందాం. కోటి రూపాయల ఫ్లాటుకు లక్ష. ఏడాదికి అలాంటివి 20,000 రిజిస్ట్రేషన్లయితే 200 కోట్లు, ఏటా. ఫ్రాన్స్‌లో దారి వేరు. 1971లో పారిస్ ప్రాంతంతో మొదలుపెట్టి, ఉద్యోగుల జీతాల మొత్తం మీద యజమానుల దగ్గర రవాణా పన్ను వసూలు చేస్తున్నారు. ఉద్యోగి టైముకి ఆఫీసుకు రావడం వల్ల లాభం యజమానిది కూడా అన్నది దాని తర్కం. వేల బస్సులు, క్యాబ్‌లు సొంతంగా తిప్పుకునే ఐటీ కంపెనీలున్న హైదరాబాద్‌కు ఈ తర్కం కొత్తగా అనిపించదు.

అభ్యంతరాలు తేలిగ్గా తీసేసేవి కావు. రిజిస్ట్రేషన్ సెస్సు మెట్రో చేరని మేడ్చల్ కొనుగోలుదారు మీద కూడా పడుతుంది. స్థలం ధర పెరిగితే అద్దె పెరుగుతుంది. స్టేషన్ పక్క గదిలో అద్దెకుంటూ రోజూ మెట్రో ఎక్కే మనిషే ఊరి చివరికి జరగాల్సి వస్తుంది. రియల్ ఎస్టేట్ పడిపోయిన ఏడాది సెస్సు రాబడి కూడా పడిపోతుంది, వాయిదా మాత్రం కట్టాల్సిందే.

పాతబస్తీలో గజం గజం

ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లే. అన్నిటికంటే చిన్న కారిడార్లలో ఒకటి, అన్నిటికంటే చిక్కైనది. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, షాలిబండ మీదుగా రోడ్డు వెడల్పు చేస్తేగానీ స్తంభం నిలబడదు. ఆస్తులు కోల్పోయేవారికి గజానికి 81,000 రూపాయల చొప్పున పరిహారం ఖరారు చేశారు. 120 గజాల దుకాణంలో 80 గజాలు పోతే 64.8 లక్షలు. చేతికి మిగిలే 40 గజాల ముక్కలో మెట్లకూ మరుగుదొడ్డికీ చోటు పోతే వ్యాపారం సాగదు.

కాగితాల దగ్గర అసలు ఆలస్యం మొదలవుతుంది. తాత పేరున ఉన్న ఇల్లు, పదిమంది వారసులు, పంపకాల దస్తావేజు లేదు, అలాంటప్పుడు చెక్కు ఎవరి పేరున రాయాలి? పగిడీ (కిరాయికి ముందు ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తం) కట్టి ముప్పై ఏళ్లుగా దుకాణం నడుపుతున్న కిరాయిదారు సొంతదారు కాదు, కానీ పోయేది అతని బతుకు. వక్ఫ్ స్థలం అయితే దారి ఇంకోటి. ఒక్క ఇంటి మీద కోర్టు స్టే వచ్చినా దాని ముందు వేయాల్సిన స్తంభం ఆగుతుంది. స్తంభం ఆగితే దానికి అటూ ఇటూ ఉన్న గర్డర్లు (వంతెన దూలాలు) ఎక్కవు. భూమి లోపల పాత మంచినీటి గొట్టాలు, మురుగు కాల్వలు, కరెంటు కేబుళ్లు ఎక్కడెక్కడ పోతున్నాయో కాగితం మీద ఒకటి, తవ్వితే ఒకటి. పునాదికి ముందు వాటిని పక్కకు మార్చే పనే నెలలు తింటుంది. మొదటి దశలో ఈ ముక్క పక్కకు పోవడానికి కారణాలు రాజకీయమని తేల్చేయడం తేలిక, కానీ గజాల లెక్క కూడా అంత బరువైనదే.

బస్సు నిదానిస్తే డబ్బు ఎక్కడ పోతుంది

మెట్రో గురించి ఇంత రాస్తున్నా నగరంలో మెట్రో కంటే ఎక్కువ మందిని మోసేది బస్సే. బస్సు ఆర్థికం వేగం మీద నడుస్తుందన్నది డిపో మేనేజరుకు తెలిసినంతగా బయట తెలియదు.

16 కిలోమీటర్ల రూటు తీసుకుందాం. పది నిమిషాలకో బస్సు కావాలి. సగటు వేగం గంటకు 16 కిలోమీటర్లయితే రానుపోను 120 నిమిషాలు, రెండు చివర్లా కలిపి 20 నిమిషాల విరామం, మొత్తం 140. పదితో భాగిస్తే 14 బస్సులు. ట్రాఫిక్ పెరిగి వేగం 12కు పడిపోతే రానుపోను 160, విరామంతో 180, అంటే 18 బస్సులు. నాలుగు బస్సులు, వాటి డ్రైవర్లు, కండక్టర్లు అదనం. ప్రయాణికులు ఒక్కరూ పెరగలేదు. బస్సులు 14 దగ్గరే ఆపేస్తే స్టాపులో ఎదురుచూపు పది నుంచి పదమూడు నిమిషాలవుతుంది. కొందరు బైకు కొంటారు. బైకులు పెరిగి బస్సు ఇంకా నిదానిస్తుంది.

బస్సుకు ప్రత్యేక లేన్ అడిగేవారి వాదనకు ఆధారం ఇదే. రోడ్డు మీద గీత గీస్తే ఆ నాలుగు బస్సులు మిగులుతాయంటారు. వద్దనేవారు రోడ్లు ఇరుకని, లేన్‌లోకి మిగతా వాహనాలు దూరకుండా కాపలా కష్టమని చెబుతారు. విశాఖలో పెందుర్తి, సింహాచలం వైపు బస్సులకే ప్రత్యేక దారి (బీఆర్‌టీఎస్) వేస్తే సింహాచలం దారిలో కొంత భాగం భూసేకరణ చిక్కులతో ఏళ్ల తరబడి ఆగింది. ఢిల్లీ తన బీఆర్‌టీని 2016లో తీసేసింది. అహ్మదాబాద్‌లో మాత్రం నడుస్తోంది.

కొత్తగా వస్తున్న ఎలక్ట్రిక్ బస్సులు ఎక్కువగా గ్రాస్ కాస్ట్ కాంట్రాక్టు పద్ధతిలో వస్తాయి. బస్సు కొనేది, డ్రైవర్‌ను పెట్టేది ప్రైవేటు కంపెనీ. ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తుంది. టికెట్ డబ్బు ఆర్టీసీదే, జనం ఎక్కకపోతే నష్టమూ ఆర్టీసీదే. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 బస్సులు కేటాయించారు. కిలోమీటరుకు 60 రూపాయలు, రోజుకు 200 కిలోమీటర్లు అనుకుంటే బస్సుకు రోజుకు 12,000. నెల తిరిగేసరికి ఆ బిల్లు ఆగకుండా కట్టగలిగితేనే కాంట్రాక్టు నిలుస్తుంది.

2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంలో మహిళలకు జీరో టికెట్ ఇస్తారు, దాని విలువ ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. మెట్రో ప్రయాణికులు కొందరు బస్సుకు మళ్లారని కంపెనీ అంది. ఇంటి ఖర్చులో మిగిలిన డబ్బు, మొదటిసారి ఉద్యోగానికి బయల్దేరిన ఆడవాళ్ల సంపాదన ఆ ఖాతాలోకి రావని పథకం సమర్థకులంటారు. నా దృష్టిలో ఆర్టీసీ ఆరోగ్యం ఉచితమా కాదా అన్న దాని కంటే, జీరో టికెట్ల సొమ్ము సకాలంలో చేరుతుందా లేదా అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంది. నగరంలో తిరిగే లోకల్ రైళ్లు, ఎంఎంటీఎస్ రెండో దశ చూడండి. రాష్ట్రం రెండు వంతులు, రైల్వే ఒక వంతు అన్న ఒప్పందంతో మొదలై, వాటా విడుదలల దగ్గరే ఏళ్లు నానింది.

ఉన్న పట్టాల మీద ఇంకా చోటుంది

విస్తరణ అనగానే కొత్త లైనే గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో 57 రైళ్లు, ఒక్కోదానికి మూడు కోచ్‌లు, కిక్కిరిస్తే సుమారు వెయ్యి మంది. ప్లాట్‌ఫారాలు మాత్రం ఆరు కోచ్‌లకు సరిపడా కట్టారు. మూడు నిమిషాలకో రైలు అంటే గంటకు 20, ఒక దిక్కున 20,000 మంది. ఆరు కోచ్‌లైతే అదే సిగ్నళ్ల మీద, అదే స్తంభాల మీద 40,000. కొత్త భూమి అక్కర్లేదు, కోర్టు స్టేలు ఉండవు. కావాల్సింది కోచ్‌లు, డిపోలో వాటిని నిలిపే, మరమ్మతు చేసే చోటు, కరెంటు. తిరగాల్సిన రైళ్లు తిరుగుతూనే ఉండగా కొత్తవి కొనేందుకు అప్పుల్లో ఉన్న కంపెనీ చేతిలో డబ్బుండదు. కొత్త కోచ్‌ల మాట ఏళ్లుగా వినిపిస్తున్నా రద్దీ అలాగే ఉండటానికి అదొక కారణం.

మెట్రో, బస్సు, ఎంఎంటీఎస్‌లను ఒక్క గొడుగు కిందకు తేవాలని యుమ్టా అనే సమన్వయ సంస్థను 2008లోనే ఏర్పాటు చేశారు. సొంత నిధి, సొంత అధికారం లేకపోవడంతో అది పేరుకే మిగిలింది. మెట్రో స్టేషన్ దిగాక ఏ బస్సు ఎప్పుడొస్తుందో తెలియకపోతే 318 కోట్ల కిలోమీటరు కూడా సగం పనే చేస్తుంది.

మళ్లీ మొదటి అప్పు దగ్గరకొస్తే, 13,000 కోట్లను ప్రభుత్వం తన పేరుమీద చవకైన, పొడుగైన అప్పుగా మార్చుకోగలిగితే తగ్గే ప్రతి 1 శాతం వడ్డీ ఏడాదికి 130 కోట్లు. పైన వేసుకున్న ప్రయాణాల లెక్కన ఒక్కో టికెట్ మీద 8 రూపాయలు. అదే 130 కోట్లు బస్సుల వైపు మళ్లిస్తే, కిలోమీటరుకు 60 రూపాయల లెక్కన, ఒక్కో ఎలక్ట్రిక్ బస్సుకు ఏడాదికి 43.8 లక్షలు. అంటే దాదాపు మూడు వందల బస్సులు ఏడాది పొడవునా తిరుగుతాయి.